తాడుకు మాటలు కట్టిన రాకుమారుడు

లేత ఎండ సోకగానే కరిగించి పోసిన కంచులా మెరిసే ప్రాకారాలు, అంబారీ దించకుండానే ఏనుగు దూరిపోగల సింహద్వారాలు, నెమళ్ళు పురివిప్పి ఆడే మేడకప్పులు, పన్నీరు చిమ్మే ఫౌంటెన్లు, పగడపు తీగెలు అల్లుకున్న మంటపాలు. కాంస్యగిరి కోటకు లేనిది లేదు. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, ఆ కోటలో ఒక్క మాట మాత్రం లేదు. ఆ మాట ‘తెగు’.

ముసలి మహారాజు కన్నుమూసిన మర్నాడే సింహాసనమెక్కి కూచున్న మాంత్రికుడు ధూమకర్ణుడు దాన్ని నిషేధించాడు. తెగు అనరాదు, తెంపు అనరాదు. కోయడం, నరకడం, తుంచడం వంటి దాని చుట్టపక్కాలు కూడా ఎవరి నోట్లోంచీ బయటికి రారాదు. పాపం రైతులు ‘వరి కోతలు’ అనలేక ‘వరిని ఇంటికి పిలుస్తున్నాం’ అనేవారు. మిరపతోటకు తెగులు పడితే ‘తోటకు ఒంట్లో బాగాలేదు’ అని చెప్పుకునేవారు. ఒక పెళ్ళివిందులో ఎవరో పెద్దమనిషి ‘వంకాయకూర తెగ బాగుంది’ అని నోరు జారి, ఆ కూర అరగకముందే చెరసాల చేరాడు. మాంత్రికుడికి పిచ్చి అని జనం గుసగుసలాడారు. కాని అతనిది పిచ్చి కాదు, భయం.

ధూమకర్ణుడు సముద్రాల అవతలి క్రౌంచద్వీపంవాడు. మన భాష అతనికి నిఘంటువుల్లోంచి వచ్చింది గాని అమ్మ ఒడిలోంచి రాలేదు. రాజ్యం చేజిక్కగానే అతను ఇల్లాళ్ళందరి మెడల్లోని పసుపుతాళ్ళు బలవంతంగా తీయించి, వాటిని కలిపి పేని ఒక పాశం చేయించాడు. ఆడది ప్రాణంలా చూసుకునే నూలుకు మించిన గట్టి నార లోకంలో లేదని అతనికి ఎవరో చెప్పారు. దానిమీద మంత్రం పెట్టాడు. అదే వాక్పాశం. దానికి ఎవరు ముడి వేస్తే వారి నోటిమాటే దానికి వేదం. బిగుసుకో అంటే బిగుసుకుంటుంది. వదులవు అంటే వదులవుతుంది. ముడి వేసినవాడు ఏమరుపాటున ‘తెగింది’ అన్నాడా, ఇక అంతే సంగతులు. మాట అంటుజాడ్యం వంటిది. నలుగురి నోట నలిగితే ఐదోవాడికి తగులుకోక మానదు. ఆ మాట తన చెవిన పడి తన నోటికి అంటుకోకుండా, ఆ మహానుభావుడు దేశం నోరే కుట్టేశాడు.

అడవిలో తపస్సు చేసుకునే జడలయోగిని అనే ముసలామె ఈ రహస్యమంతా చెప్పినప్పుడు రాకుమారుడు మకరాంకుడు నవ్వాడు. ముసలి మహారాజుకు అతను ఒక్కగానొక్క కొడుకు, కాంస్యగిరికి అసలు వారసుడు. ధూమకర్ణుడి భటులు వెంటపడితే కొండలెక్కి, వాగులు దాటి తిరుగుతున్నవాడు. ఇప్పుడు మాత్రం అతనికి నవ్వు రావడం లేదు. ఆ వాక్పాశంలో ఓబన్న చిక్కుకున్నాడు.

ఓబన్న గారడీవాడు. ఊరూరా తిరిగి తాడు కనికట్టు చేస్తాడు. ‘చేస్తాడు’ అనడం కూడా తప్పే. కనికట్టు చేసేది అతని భార్య సుంకులమ్మ, మాటలు చెప్పేది ఓబన్న. వారం కిందట భటులు తరుముకొస్తుంటే ఈ ఆలుమగలే మకరాంకుణ్ణి పాములబుట్టలో దాచి కాపాడారు. బుట్టలో పామున్న సంగతి ఓబన్న ఆ తరవాత తీరిగ్గా చెప్పాడు. అంతటి సరదామనిషి సంతలో ఆట కట్టి, జనం ఈలలు వేస్తుంటే ఒళ్ళు మరిచి, పాత అలవాటు కొద్దీ ‘తాడు తెగిందా తెగలేదా చెప్పండయ్యా!’ అని కేకవేశాడు. అంతే, కోటలోకి ఈడ్చుకుపోయారు. ధూమకర్ణుడు తన చేత్తో ముడివేసి అతన్ని సభాప్రాంగణంలోని స్తంభానికి కట్టించాడు. రోజూ సాయంత్రం కొలువు చాలించేముందు ‘బిగుసుకో’ అంటాడు. మొదట చేతులు మొద్దుబారాయి. తరవాత పక్కటెముకలు మూలిగాయి. నిన్న సాయంత్రం పాశం భుజాల దాకా పాకింది. ఈ సాయంత్రం అది మెడకు చుట్టుకుంటుంది.

ఆ రోజు ధూమకర్ణుడి జన్మదినం. ఆటగాళ్ళకూ పాటగాళ్ళకూ కోటలోకి ప్రవేశం ఉంది. మకరాంకుడికి దొరికిన సందు అదొక్కటే.

కోటకు ఆమడదూరంలో ఎండిన ఏటి ఇసుకలో, తుమ్మచెట్ల నీడన కూచుని, సుంకులమ్మ కొత్త తాడు పేనుతోంది. పాత తాడును మొగుడితోపాటే భటులు లాక్కుపోయారు. తెల్లనూలు పేని, జనం కంటికి ఆనేలా పసుపు రాసి, బారెడు పొడుగున ఎండలో ఆరవేసింది.

“చేతులుండాయి సామీ నాకు, నోరు లేదు,” అంది. “ఆటలో నేను ఏపొద్దూ ఒక్క మాట మాట్లాడిందాన్ని కాదు. నోరంతా నా మొగుడిదే. ఇంట్లో ఉప్పు లేదని పక్కింట్లో చెప్పాలన్నా ఆయప్పే పోయి చెప్తాడు.”

“నోరు నాకుందక్కా,” అన్నాడు మకరాంకుడు. “మా గురువుగారు రోజూ దాన్నే తిట్టేవారు.”

“నీ పేరు పలికితే పట్టుకుంటారు. మకరమంటే ఏంది?”

“మొసలి.”

“అయితే ఈ పొద్దు నువ్వు మొసలయ్యవి. నాకు తమ్ముడివి. డోలు వాయించుకుంటా మాటలు చెప్పు, విందాం.”

మకరాంకుడు డోలు మెడకు తగిలించుకున్నాడు. “అయ్యలారా, అమ్మలారా! ఇదిగో తాడు. ఈ తాడు మా అక్క చేతిలో ఉంది. ఇప్పుడు ఈ తాడును మధ్యకు మడుస్తోంది...”

“వాళ్ళకు కండ్లుండాయి గదా మొసలయ్యా! తాడును తాడని చెప్తే ఎవరు వింటారు? నా మొగుడు తాడు ఊసే ఎత్తడు. పెండ్లి మాట చెప్తాడు, అత్త మాట చెప్తాడు, పక్కింటోళ్ళ ఎద్దు మాట చెప్తాడు.”

“మరి తాడు సంగతి?”

“అది నేను చెప్తా, చేతుల్తో.”

మకరాంకుడికి కిటుకు తెలిసింది. తెలిసిందే తడవుగా రెచ్చిపోయాడు. అత్తల మీద చెప్పాడు, అల్లుళ్ళ మీద చెప్పాడు. నవ్వీ నవ్వీ సుంకులమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని తల అడ్డంగా ఆడించింది.

“బాగుంది గాని పనికిరాదు. నవ్వేటప్పుడు మనిషి రెప్ప వాలుస్తాడు సామీ. ఆ రెప్పపాటు నాది. ఆడనే నేను కొస మార్చాల. నువ్వు ముందే నవ్విస్తే నా చెయ్యి యాడ దాచుకోను? ఎనక నవ్విస్తే దొరికిపోతా. నేను బొటనవేలు మడిచినప్పుడు నవ్వించు.”

అప్పుడు మొదలైంది అసలు పని. అతను ఒక మాట అంటాడు, ఆమె వేలు మడుస్తుంది. మాట పొడుగైతే కత్తెర వేసినట్టు ఆపేస్తుంది, పొట్టిదైతే ఇంకొంచెం సాగదీయమంటుంది. ‘మామగారు’ అన్నచోట ‘మామ’ అంటే చాలని ఒకచోట తేలింది. ఇంకోచోట ‘మామ’ చాలక ‘మా మేనమామ తోడల్లుడు’ కావలసి వచ్చింది. పాట కట్టడం తేలిక, పద్యం ఇంకా తేలిక. చేతికి మాట కట్టడం ఎంత కష్టమో మకరాంకుడికి చెమటలు పడితే గాని తెలియలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆట కుదిరింది, ఒక్కచోట తప్ప. సుంకులమ్మ కత్తెర వేసి తాడును రెండు చేస్తుంది గదా, అప్పుడు ఏమనాలి? అనాల్సిన మాట అంటే ఇద్దరికీ ఉరి.

“ఇంకోసారి కత్తెర వెయ్యక్కా, ఏదో ఒకటి తోస్తుంది.”

ఆమె కత్తెర వేసింది. పసుపుతాడు రెండుగా విడిపోయింది. ఆమె నోట అలవాటుగా ఒక మాట జారింది. “పెరిగింది సామీ.”

మకరాంకుడి చేతిలో డోలుపుల్ల ఆగిపోయింది. “ఏమన్నావక్కా?”

“పసుపు రాసిన తాడు గదా, నోటికట్ల వచ్చేసింది. మెడలో తాడును ఆ చెడ్డమాట ఎవరంటారు? పెరిగిందనే అంటాం. గాజు చిట్లినా పెరిగిందంటాం. దీపం కొండెక్కిందంటాం, బియ్యం నిండుకున్నాయంటాం. మీ ఇంట్లో అనరా?”

“మా దాది కూడా అలాగే అనేది,” అన్నాడు మకరాంకుడు మెల్లగా. “అక్కా, వాక్పాశం దేనితో పేనారు?”

సుంకులమ్మ చేతిలోంచి కత్తెర ఇసుకలో పడింది. ఆ పాశంలోని ప్రతి పోగూ ఏదో ఒక ఇల్లాలి మెడ మీద ఉండి, ఆడవాళ్ళ మాటలే విని పెరిగింది. దానికి వచ్చిన భాష అదొక్కటే.

“ఆ పాపిష్టోడు ‘పెరిగింది’ అంటే చాలు గదా సామీ!” అంటూ ఆమె చటుక్కున లేచి, మళ్ళీ కూలబడింది. “ఒకవేళ ‘పెరుగు’ అన్నాడనుకో? తాడు గడ్డపెరుగైపోతే?”

“మరీ మంచిది. పెరుగుతో ఎవర్నైనా కట్టెయ్యగలరా?” అన్నాడు మకరాంకుడు. మొగుడు పట్టుబడిన తరవాత సుంకులమ్మ నవ్వింది ఆ రోజే.

* * *

సాయంసంధ్య వేళ సభాప్రాంగణం కిక్కిరిసిపోయింది. నవరత్నాలు చెక్కిన సింహాసనం మీద ధూమకర్ణుడు కూచున్నాడు. గుమ్మడికాయంత తలపాగా, తేలుకొండి మీసం, కాటుక పెట్టిన గుడ్లగూబ కళ్ళు. కోపం వస్తే అతని చెవుల్లోంచి సన్నగా పొగ వస్తుంది, ఆ పేరు అందుకే వచ్చింది. ఒడిలో పిల్లి నిద్రపోతోంది. సింహాసనానికి కుడిపక్క స్తంభానికి ఓబన్న. పచ్చని పాశం అతన్ని మోకాళ్ళనుంచి భుజాలదాకా చుట్టేసింది. ఒక్క కుడిచేతి చూపుడువేలు మాత్రం బయట మిగిలింది.

సుంకులమ్మ ముందు మొగుణ్ణే చూసింది. అతను ఆమెను చూసి కళ్ళతో నవ్వాడు. ఆమె పక్కన మెడలో డోలుతో నిలబడ్డవాణ్ణి చూసి మాత్రం కనుబొమలు ఎగరేశాడు. ఏళ్ళ తరబడి తాను నిలబడిన చోటులో ఇంకొకడు నిలబడితే ఎవరికైనా కాస్త మంటగానే ఉంటుంది మరి.

డోలు మోగింది. “అయ్యలారా, అమ్మలారా! తాడూ బొంగరం లేనివాణ్ణి నేను. మొన్నే మా అక్క జాలిపడి తాడు కొంది. బొంగరం సంగతి తమరు చూసుకోవాలి!”

జనం కిసుక్కుమన్నారు. మకరాంకుడికి ఆత్రం పట్టుకుంది. రెండో మాట మొదటిదాని తోక తొక్కుకుంటూ వచ్చింది. సుంకులమ్మ వేలు ఇంకా మడవనేలేదు. అప్పుడు స్తంభం దగ్గరనుంచి టక్... టక్... అని చప్పుడు వినిపించింది. ఓబన్న చూపుడువేలు రాతిమీద తాళం వేస్తోంది. నిదానించమని చెబుతోంది. ఊపిరి ఆడనివాడు తన ఆటను నిలబెట్టడానికి తాళం వేస్తున్నాడు. మకరాంకుడు ఆ వేలి తాళాన్ని పట్టుకుని నడిచాడు.

“పుట్టగానే మనకు కట్టేది ఏం తాడు?”

“మొలతాడు!” అన్నారు జనం.

“మాట వినని ఎద్దుకు?”

“ముక్కుతాడు!”

“మాట వినని మొగుడికి?” టక్. ఒక్క క్షణం ఆగాడు. “దానికి వేరే తాడు అక్కర్లేదు తల్లులారా! పెళ్ళినాడు మూడు ముళ్ళు వేసిందీ మనమే, ఇరుక్కుపోయిందీ మనమే!”

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సుంకులమ్మ బొటనవేలు మడిచింది. రెప్పలు వాలాయి, కొస మారింది. అందరి కళ్ళముందూ జరిగిన దొంగతనం ఒక్కరికీ కనపడలేదు.

“కొంగుకు వేస్తే ఒక ముడి, జుట్టుకు వేస్తే ఒక ముడి, మా మేనమామ తోడల్లుడు అల్లుణ్ణి చూసి మొహంలో వేస్తాడే, ఆ ముళ్ళు లెక్కపెట్టడం బ్రహ్మ తరం కాదు!” సుంకులమ్మ కత్తెర తీసింది. డోలు ఆగింది. తాడు రెండయింది. మకరాంకుడు గుండెల మీద చెయ్యేసుకుని జనం వైపు తిరిగాడు. “అయ్యో, పసుపుతాడండీ! ఏమైంది తల్లులారా?”

భటుల ఈటెలు కదిలాయి. మగవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళకు మాత్రం జంకవలసిన పనిలేకపోయింది. అమ్మా అమ్మమ్మా నేర్పిన మాట ఒక్క గొంతుతో బయటికి వచ్చింది. “పెరిగింది!”

ధూమకర్ణుడు పగలబడి నవ్వాడు. “మూఢవనితలు! కళ్ళముందు తాడు రెండు ఖం... రెండు భాగములు కాగా, వృద్ధి చెందినదందురా?”

“చూపించక్కా!” అన్నాడు మకరాంకుడు.

సుంకులమ్మ రెండు ముక్కల్నీ గుప్పిట్లో నలిపి, ఒక కొస లాగింది. తాడు అతుక్కుంది. అంతటితో ఆగలేదు. లాగుతుంటే వస్తూనే ఉంది. బారెడు, రెండు బారలు, సింహాసనం మెట్లదాకా పాకింది. ప్రాంగణమంతా చప్పట్లతో దద్దరిల్లింది. ధూమకర్ణుడి నవ్వు మీసం కింద ఇరుక్కుపోయింది. నిఘంటువులో ఉన్నట్టే జరిగింది గదా మరి!

“ప్రభూ, మాది కూటికి పేనుకున్న తాడు,” అన్నాడు మకరాంకుడు చేతులు నలుపుకుంటూ. “అందుకే ఇంత బాగా పెరిగింది. తమది మహామంత్రం పెట్టిన పాశం. దానికి బిగుసుకోవడం తప్ప పెరగడం తెలియదని ఊళ్ళో అనుకుంటుంటే చెవులు మూసుకుని వచ్చాం.”

సన్నగా పొగ మొదలైంది. “ఎవడురా అన్నది? నా పాశము పెరగదా?” ధూమకర్ణుడు దిగ్గున లేచాడు. ఒడిలోని పిల్లి కింద పడింది. స్తంభం వైపు చెయ్యి చాచి ఉరిమాడు. “పెరుగు!”

వాక్పాశం ఒకసారి పులకరించింది. తరవాత అయోమయంలో పడింది. అన్నంలోకి వేసుకునేది తనను అడుగుతారేమిటని పాపం దానికి బోధపడలేదు. చివరికి ఏమీ తోచక, కొసన ఒక్క తెల్లని చుక్కను రాల్చింది. పిల్లి వచ్చి ఆ చుక్కను నాకి, మీసాలు తుడుచుకుంది.

పాశం జానెడైనా పెరగలేదు. జనమంతా చూస్తున్నారు. ధూమకర్ణుడి మొహం కందగడ్డయింది. సూర్యుడు కోటగోడ మీద ఆనాడు. ఇంకొక్క క్షణం ఆగితే అతని నోట ‘బిగుసుకో’ వచ్చేస్తుంది. కట్టుకొచ్చిన మాటలన్నీ మకరాంకుడికి అయిపోయాయి. ఇక దేవుడిచ్చిన నోరే దిక్కు. అతను ఢాం అని డోలు మీద ఒక్కటిచ్చి, స్తంభం చుట్టూ గిర్రున తిరిగి, కళ్ళు ఇంతింత చేసి కేక పెట్టాడు.

“ఆహా, ఏమి మహిమ! కొలిచి చూడ్డానికి మనమెవరమయ్యా? ఏలినవారు పెరిగిందంటే పెరిగినట్టు, లేదంటే లేనట్టు! జన్మదినంనాడు ప్రభువుల పాశం మాట వినలేదని రేపు సంతలో చెప్పుకోవాలా, విన్నదని చెప్పుకోవాలా? తమరే సెలవివ్వండి. ఏమైంది మహాప్రభూ?”

ధూమకర్ణుడు జనాన్ని చూశాడు, పాశాన్ని చూశాడు. ఏలేవాళ్ళకు సభలో పరువు పోవడం కంటే అబద్ధం తేలిక. ఛాతీ విరిచి, నలుమూలలా వినిపించేలా ప్రకటించాడు.

“పెరిగింది!”

పటపటపటా పోగులన్నీ ఒక్కసారిగా వీడిపోయాయి. పసుపునూలు చినుకుల్లా ప్రాంగణమంతా రాలింది. ఓబన్న స్తంభం మీదనుంచి జారి సుంకులమ్మ చేతుల్లో పడ్డాడు.

* * *

“పట్టుకోండి! సింహద్వారం మూయండి!” ధూమకర్ణుడి చెవుల్లోంచి ఇప్పుడు కుమ్మరి వాములా పొగ లేస్తోంది. ఇనుపతలుపులు దబ్బున మూసుకున్నాయి. భటులు ఈటెలు చాచి ముగ్గురినీ చుట్టుముట్టారు. మకరాంకుడు డోలును డాలు చేసుకున్నాడు. మొదటి ఈటె డోలును చీల్చుకుని అవతలికి వచ్చింది. దాన్ని మెలితిప్పి లాక్కుని, దానితోనే రెండోవాణ్ణి పడగొట్టాడు, మూడోవాడి తలపాగా ఎగరగొట్టాడు. కాని భటులు పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉన్నారు.

“ఓబన్నా, ఏదైనా చెప్పు! నీ మాటకు ఒక్క క్షణం ఆగినా చాలు!” అని అరిచాడు.

ఓబన్న నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. ఇన్నాళ్ళూ ఊపిరి ఆడక ఎండిపోయిన గొంతు మూగబోయింది. అతను భార్య వైపు చూశాడు. ఆ చూపులో చావుభయం లేదు, మాట పోయిన దుఃఖమే ఉంది.

జనంలోంచి ఒక ముసలమ్మ కిందపడిన పసుపుపోగు తీసి సుంకులమ్మ మీదికి విసిరింది. “నాది తీసుకోమ్మా! మళ్ళీ కట్టు!” ఆమెను చూసి ఇంకొకతె, ఇంకొకతె. నలుదిక్కులా పోగులు ఎగిరివచ్చాయి. సుంకులమ్మ చేతులు వాటిని అందుకున్నాయి, పేనాయి. చూసేవాళ్ళ కళ్ళకు అందనంత వడిగా పేని, చివర తన చేత్తో ముడి వేసింది. ముడి వేసినవారి మాటే వేదం. ఇప్పుడు ఆ పాశం ఆమె మాట కోసం ఎదురుచూస్తోంది.

ఆమెకేమో మాట రావడం లేదు. ఈటెలు మూరెడు దూరంలోకి వచ్చాయి. చివరికి నిద్రపోయే బిడ్డను లేపినట్టు, “లెయ్యి నాయనా,” అంది.

తాడు లేచింది. కొస పడగెత్తి, తలల మీదుగా, గోడల మీదుగా, మేడకప్పుల నెమళ్ళను దాటి నిట్టనిలువునా ఆకాశంలోకి పోయి నిలబడింది.

“ముందు ఓబన్నను ఎక్కించు!” అన్నాడు మకరాంకుడు. ఓబన్న పట్టుకున్నాడు, అతని వెనక సుంకులమ్మ, చివర రాకుమారుడు. నాలుగు బారలు ఎక్కారో లేదో తాడు ఊగి, గడ్డిపోచలా వంగసాగింది. మంత్రబలం లేని ముడి అది, మాట ఉన్నంతసేపే దానికి ప్రాణం.

“మాట్లాడక్కా! ఆగకు! ఏదో ఒకటి మాట్లాడు!”

“అయ్... అయ్యలారా, అమ్మలారా!” అంది సుంకులమ్మ కళ్ళు మూసుకుని. “తాడూ బొంగరం లేనిదాన్ని నేను...” తాడు నిటారయింది. కింద జనం చప్పట్లు కొట్టారు. మొలతాడు అంది, ముక్కుతాడు అంది, ఎక్కుతూనే అంది.

“నరకండి దాన్ని! తెంపండి! తెగ్గొట్టండి!” అని కింద ధూమకర్ణుడు గంతులేస్తున్నాడు. భటులు కత్తులు దూసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ మాటలు విన్నవాడికి కూడా కొరడాదెబ్బలని శాసనం చేసింది ఆయనే. విన్నట్టు ఒప్పుకోవాలా వద్దా అని వాళ్ళు తేల్చుకునేలోపు ముగ్గురూ కోటగోడ ఎత్తు దాటేశారు.

అక్కడ మకరాంకుడు కట్టిన మాటలు అయిపోయాయి. కాళ్ళకింద కొండ, కొండకింద లోయ. తాడు మళ్ళీ వంగింది. ఓబన్న చెయ్యి జారి, ఒక్క చేత్తో వేలాడాడు.

“పట్టుకో!” అని అరిచింది సుంకులమ్మ. “పట్టుకోవయ్యా, సోమరిపోతా! సంతలో నువ్వు కొన్న మేక గుడ్డిదని నాకు ఆపొద్దే తెలుసు. నువ్వు సంబరపడతాండావని చెప్పలే. మీ యమ్మ నా వంటకు వంక పెడితే నవ్వినావు చూడు, అది నేను మర్చిపోలేదు. ఎక్కు!” తాడు ఇనుపకడ్డీలా నిలబడింది. ఓబన్న రెండో చెయ్యి వేసి పైకి లాక్కున్నాడు. సుంకులమ్మ ఆపలేదు. పెళ్ళయిననాటినుంచి మనసులో మడిచిపెట్టుకున్నదంతా విప్పింది. కట్టుకున్న చీర రంగు చూడలేదన్నది విప్పింది, జ్వరమొచ్చినప్పుడు రాత్రంతా మేలుకుని కూచున్నది కూడా విప్పింది. జవాబు చెప్పడానికి ఓబన్నకు గొంతు లేదు. వింటూ, ఏడుస్తూ ఎక్కుతున్నాడు.

అప్పుడు కిందనుంచి చెవులు చిల్లులుపడేలా ఒక కూత వినిపించింది. ధూమకర్ణుడు తాను పెంచుకుంటున్న రాక్షసగద్దను వదిలాడు. చాపలంత రెక్కల నీడ వాళ్ళ మీదుగా పోయి, కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ తాడు వైపే వస్తోంది. మకరాంకుడు పళ్ళ మధ్య కరుచుకున్న ఈటెను అందుకోవడానికి ఒక చెయ్యి వదిలాడు. పైన సుంకులమ్మ కిందికి చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

“ఇంకొక మాట చెప్తా విను,” అంది మొగుడితో. “పెండ్లినాడు నీ చేతులు వణికినాయి. మూడో ముడి నువ్వు సరిగ్గా వెయ్యలే. అందరూ అక్షింతలు వేస్తాంటే తల వంచుకుని నేనే బిగించుకున్నా. నువ్వంటే నాకంత ఇది. ఎక్కు, ఆగద్దు, నేను మాట్లాడతానే ఉంటా.”